బావిలో బుడ్డపరకలు

మా రాజత్త పోయిన కబురు ఫోన్‌లో తమ్ముడు చెప్పాడు. ఎక్కువ మాట్లాడలేదు. "అక్కా, అత్త పోయిందే. పొద్దుగాల వాకిట్ల కూసున్నది కూసున్నట్టే పోయింది" అన్నాడు. దినాల కోసం ఊరికి వెళ్ళి ఆ వారమంతా అక్కడే ఉన్నాను. వరంగల్ నుంచి తొర్రూరు పోయే దారిలో రోడ్డు దిగి లోపలికి నడవాల్సిన ఊరు మాది. ఇప్పుడు ఇంటి ముందు దాకా ఆటోలు వస్తున్నాయి. భోజనాల దగ్గర ఈ తరం కోడళ్ళు నా చుట్టూ చేరి, "పెద్దమ్మా, మీ అత్తమ్మ బాయిల చేపలను పెంచిందట గదా, నిజమేనా?" అని నవ్వుతూ అడిగారు. నిజమేనన్నాను. చేపల సంగతి ఊళ్ళో చాలామందికి ఒక వింతలాగా గుర్తుంది. ఆ చేపల వల్ల మా ఇంట్లో ఏం జరిగిందో తెలిసినవాళ్ళలో మాత్రం ఇప్పుడు నేనే మిగిలాను.

మా వాగుకు పేరు లేదు, వాగు అనే అనేవాళ్ళం. వానాకాలంలో నడుం లోతు, చలికాలంలో మోకాలి లోతు, శివరాత్రి దాటిందంటే కనుచూపు మేరా ఇసుక. అక్కడక్కడా బండల పక్కన, మద్దిచెట్ల వేళ్ళ కింద మడుగులు మిగిలేవి. ఆ మడుగుల్లో బతికేవి బుడ్డపరకలు. వేలెడు పొడవు కూడా ఉండని చిన్న చేపలు. వెండి పొలుసులు, తోక మొదట్లో కాటుక పెట్టినట్టు నల్లటి చుక్క. నీళ్ళు తగ్గేకొద్దీ పెద్ద చేపలు తేలిపోయేవి, లేదా ఎవరికో ఒకరికి కూరయ్యేవి. పరకలు మాత్రం నీళ్ళు కాగిపోయి, పచ్చగా నాచుపట్టి, వాసన వేస్తున్నా బతికే ఉండేవి. మధ్యాహ్నమయితే వేళ్ళ నీడకు చేరి ఒకే దిక్కుకు తలలు పెట్టి కదలకుండా నిలబడేవి. మనం కాళ్ళు పెడితే వచ్చి మూగి మడమల పగుళ్ళను కొరికేవి. చక్కిలిగింతలకు నేను కేకలు పెడుతుంటే రాజత్త మాత్రం బట్టల మూట పక్కన పెట్టి, కాళ్ళు నీళ్ళలో వదిలేసి, చాలాసేపు అట్లాగే కూర్చునేది. ఆమె ముఖంలో కాస్త తేట కనబడేది ఆ కాసేపే.

మా ఇంట్లో పొద్దు వాకిట్లో చల్లే పేడనీళ్ళ వాసనతో మొదలయ్యేది. పొయ్యి మీద జొన్నగటక కుతకుతలాడుతుంటే అమ్మ రోట్లో మిరపకాయ తొక్కు నూరేది. నాయిన పశువులకు కుడితి పెట్టి, బీడీ వెలిగించుకుని అరుగు మీదికి వచ్చేవాడు. తాత ముందు మాత్రం బీడీ వెనక్కి పోయేది. తాత మెడలో తులసిపూసల దండ ఉండేది. అది వేసుకున్నప్పటి నుంచీ ఆయన నీసు ముట్టలేదు. నీసంటే మాంసమూ, చేపా, వాటి వాసన తగిలిన ఏదయినా. మేమందరం తినేవాళ్ళమే, కాని ఆ కుండలు వేరే పొయ్యి మీద, పెరట్లో. తాతకు వేరే కంచం, వేరే ఇత్తడి చెంబు. తెల్లవారగానే ఇంటి చేదబావిలో నీళ్ళు తోడించుకుని, తూర్పుకు తిరిగి ఒక చెంబెడు తాగితే గాని నోట్లోంచి మాట వచ్చేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఏ పంచాయితీ జరిగినా బండి కట్టుకుని వచ్చి తాతను తీసుకుపోయేవాళ్ళు. ఆయన మాట ఇచ్చాడంటే ఇక దాని మీద మాట లేదు.

రాజత్త తాతకు ఒక్కతే కూతురు, మా నాయినకు చెల్లెలు. ఆమెను పాలంపేట అవతలి ఒక ఊరికి ఇచ్చారు. కరువు ముదిరిన ఆ ఏడాది, చలికాలంలో ఒక పొద్దున, చేతిలో చిన్న సంచితో ఒక్కతే నడిచి వచ్చి వాకిట్లో నిలబడింది. బస్సు దిగిన దగ్గర్నుంచి చెప్పులు లేకుండా వచ్చినట్టుంది, పాదాలు చీరుకుపోయి ఉన్నాయి. ఎందుకు వచ్చావని ఎవరూ అడగలేదు. మొగుడిని వదిలి వచ్చిన ఆడపిల్లను ఏమని అడగాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కొన్నాళ్ళకు ఆమె అత్తింటి పెద్దమనుషులు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. లోపల పొయ్యి దగ్గర రాజత్త, ఆమె పక్కన నేను. బయట తాత గొంతు స్పష్టంగా వినబడింది. "మిరుగు ఎల్లినంక పంపుత. నాట్లకు అందుతది. ఇది నా మాట."

మిరుగంటే మృగశిర కార్తె, వానలు మొదలయ్యే కాలం. ఆ మాట విన్న రాజత్త చేతిలోని ఊదుగొట్టం కింద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి తండ్రీకూతుళ్ళ మధ్య మాటల్లేవు. ఆమె కంచంలో వడ్డించి పక్కకు తప్పుకునేది. తాతకు మజ్జిగ కావాలంటే, ఆమె ఎదురుగా నిలబడి ఉన్నా, నాకేసి చూసి "సరోజా, మీ అత్తను సల్ల పొయ్యమను" అనేవాడు. నేను ఆమెకు చెప్పేదాన్ని. ఆమె పోసేది. నేను అప్పుడే పదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. ఆ వేసవంతా నా పని ఇద్దరి మధ్య మాటలు మోయడమే అయింది.

ఎండలు ముదిరాయి. పైన ఊరి చెరువు పగుళ్ళు పట్టింది. వాగులో ఒక్క మడుగే మిగిలింది. ప్రతి ఏడూ చివరి మడుగులో ఊరంతా దిగి చేపలు పట్టుకోవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ రోజు పండుగలాగే ఉండేది. కాని ఆ ఏడాది గంపలు, జల్లెళ్ళు పట్టుకుని వచ్చిన వాళ్ళ ముఖాల్లో పండుగ లేదు. ఊరవతలి వాడలో చాలా ఇళ్ళలో ఒంటిపూట గంజి మీద బతుకుతున్నారు. నేనూ రాజత్తా బట్టలుతకడానికి వెళ్ళేసరికి అందరూ గట్టు మీద గుమికూడి ఉన్నారు. అందరికంటే ముందు లచ్చవ్వ. వాడ నుంచి వచ్చి మా పొలంలో కలుపు తీసే మనిషి, నోరు పెద్దది, మనసూ పెద్దదే.

రాజత్త మూట దించి నేరుగా వాళ్ళ ముందుకు వెళ్ళింది. ఆమె అంతమందిలో నోరు విప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

"లచ్చవ్వా, జర ఆగుండ్రి. చెరువు ఎండిపాయె. కిందికీ మీదికీ యాడ సుక్క నీళ్ళు లేవు. గీ మడుగుల ఉన్నయి గూడ ఊడ్చుకపోతె వచ్చే ఏడు వాగుల ఏముంటది?"

"వచ్చే ఏడు సంగతి తర్వాత, రాజక్కా. మా పోరగాండ్లు ఇయ్యాల ఏం తినాలె?" అంది లచ్చవ్వ.

"తినండ్రి. నేనెందుకు వద్దంట? జర ఇత్తునం విడిచిపెట్టుండ్రి అంటాన. ఎంత కరువొచ్చినా ఇత్తునపు గింజలు వండుకుంటమా?"

లచ్చవ్వ నడుం మీద గంప పెట్టుకుని కాసేపు మడుగు వైపు చూసింది. "మడుగుల విడిచిపెట్టినా ఉంటయా? నాల్గొద్దులైతె ఇదీ ఎండుతది."

"మా బాయిల పోస్త" అంది రాజత్త.

నేను ఉలిక్కిపడ్డాను. లచ్చవ్వ కూడా. "మీ బాపు నీళ్ళు తాగే బాయిలనా?"

రాజత్త చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని మడుగులో దిగింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనుకోకుండానే పని జరిగిపోయింది. అందరూ పట్టుకున్నారు, అందరి గంపల్లోకీ కూరకు సరిపడా వచ్చాయి. చిన్నచిన్న వాటిని మాత్రం లచ్చవ్వ, మిగతా ఆడవాళ్ళు తీసి మా బిందెల్లో వేశారు. ఉతకని బట్టల్ని తడిపి బిందెల మూతుల మీద కప్పి, ఎండలో, కాలే ఇసుకలో ఆమె ఒకటి, నేనొకటి ఎత్తుకుని పరుగులాంటి నడకతో వచ్చాం. నాయిన తొర్రూరు అంగడికి పోయి ఉన్నాడు. తాత లోపల పడుకున్నాడు. బొక్కెనలో పరకలను పోసి గిరక మీదుగా మెల్లగా దించాం. చల్లటి నీళ్ళు తగలగానే అవి ఒక్కసారి వెండిగా మెరిసి లోపలికి మాయమయ్యాయి. "అమ్మయ్య" అంది రాజత్త. అత్తింటి నుంచి వచ్చిన తర్వాత ఆమె నవ్వడం అప్పుడే మొదటిసారి చూశాను.

సాయంత్రం నాయిన వచ్చి ఇల్లు ఎగిరిపోయేట్టు అరిచాడు. "బాపు తాగే నీళ్ళల్ల నీసు పోస్తవా? నీకేమన్న నెత్తి పని చేస్తాందా?" అమ్మ మాత్రం పొయ్యి దగ్గర్నుంచే, "బాయిల పురుగులు తింటయి, నీళ్ళు సాఫ్ ఐతయి. నువ్వు బీడీ తాగి ఉమ్మేది ఏ నీళ్ళతోటి కడుగుతానం?" అంది. మరునాడు పొద్దున నేను తోడిన బొక్కెనలో ఒక పరక వచ్చింది. చెంబులో పోయబోతుంటే తాత చూశాడు. దాన్ని, తర్వాత నన్ను చూసి, బొక్కెన బావిలోకి దించమన్నాడు. "నేను ఈ నీళ్ళు తాగ. మీ అత్తకు చెప్పు" అని చెంబు బోర్లించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మజ్జిగలో కూడా బావి నీళ్ళే గదా అని అదీ తాగలేదు.

రాజత్త ఆ చెంబు తీసుకుని వాగుకు నడిచింది. వాగు ఎండినా ఇసుక అడుగున తడి ఉంటుంది. మోచేతి లోతుకు ఇసుక తోడితే గుంటలోకి నీళ్ళు ఊరుతాయి. దాన్ని చెలిమె అంటారు. మొదట వచ్చే మురికినీళ్ళు చిప్పతో తోడి పారబోయాలి. తర్వాత ఓపిగ్గా కూర్చోవాలి. అంచుల నుంచి ఇసుక కూలకుండా కాచుకుంటూ ఉంటే, అద్దంలాంటి నీళ్ళు మెల్లగా పైకి వస్తాయి. ఇంటి బావి ఉన్నవాళ్ళకు చెలిమెతో పని లేదు. మా బావిలో చేదుకోవడానికి వీల్లేని వాడవాళ్ళే ఏటా వేసవిలో చెలిమెల మీద బతికేవాళ్ళు. అప్పటినుంచి రోజూ తెల్లవారకముందే రాజత్త వెళ్ళి లచ్చవ్వ పక్కన చెలిమె తోడి, తాతకు నీళ్ళు తెచ్చేది. తాత ఆ నీళ్ళు తాగేవాడు. ఎవరు తెచ్చారని అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఒకరోజు ఇసుక పదేపదే కూలిపోయి ఆలస్యమయింది. ఎండెక్కింది. నేనూ ఆమె పక్కన కూర్చుని అంచులు సరిచేస్తున్నాను. తల ఎత్తి చూస్తే తాత, కర్ర ఊనుకుంటూ ఇసుకలో కాళ్ళు ఈడ్చుకుంటూ వస్తున్నాడు. వచ్చి మా ఎదురుగా ఇసుకలోనే చతికిలబడ్డాడు. చాలాసేపు చెలిమెలోకి చూశాడు. నాకేసి తిరుగుతాడనుకున్నాను. తిరగలేదు.

"ఊరుతాందా?" అన్నాడు.

"ఊరుతాంది" అంది రాజత్త.

అంతే. కాని నేను మోయకుండా వాళ్ళ మధ్య నడిచిన మొదటి మాట అది. మరునాడు కూడా తాత వచ్చాడు, ఆ మరునాడూ వచ్చాడు. చెలిమె ఊరేంత సేపు మాట్లాడకుండా కూర్చోవడం ఎవరికయినా కష్టమే. ఇసుక గురించి, ఎండ గురించి, బావిలో చేపలు బతికే ఉన్నాయా అని, అట్లా ఒకటీ రెండూ మాటలు పడేవి. ఒకరోజు తాత ఊరికే అడిగినట్టుగా అడిగాడు.

"ఆడ మీరు నీళ్ళకు ఏడికి పోతుంటిరి?"

"గుట్ట కింది బాయికి."

"దూరమేనా?"

"దూరమే. ఇంటిల్లిపాదికీ, పసులకూ నేనే మోస్తుంటి. కడుపుతోటి ఉన్నప్పుడు గూడ."

తాత తల ఎత్తాడు. "కడుపుతోటా? ఎప్పుడు?"

రాజత్త చిప్పతో చెలిమె అంచు సరిచేస్తూనే చెప్పింది. గొంతులో ఎత్తుపల్లాలు లేవు. "నిరుడు వానకాలం. బిందె ఎత్తుకోని గుట్ట ఎక్కుతాంటె కాలు జారింది. అక్కడ్నే పడ్డ. దవాఖానకు తీస్కపొమ్మని కాళ్ళు మొక్కిన. నాట్ల కాలం, బండ్లు లేవన్నరు. ఆడపిల్ల, సచ్చి పుట్టింది. కొట్టం ఎనక పూడ్చిపెట్టిండ్రు. పచ్చి ఒళ్ళు అని గూడ సూడలేదు, మళ్ళ బిందె చేతికిచ్చిండ్రు. ఇంక లేవలేనంటె ఆయన సర్కోల తీసిండు. గవన్నీ ఎందుకు గని..."

సర్కోల అంటే ఎడ్లను తోలే కొరడా. చెలిమె నిండింది. ఎవరూ ముంచలేదు.

"నాకెందుకు చెప్పలే బిడ్డా?" అన్నాడు చివరికి.

"నువ్వు అడిగితివా బాపూ?"

పక్క చెలిమె దగ్గర లచ్చవ్వ ఇదంతా వింటూనే ఉంది. లేచి వచ్చి, తన చిప్పతోనే మా చెలిమెలో నీళ్ళు ముంచి తాత చెంబులో పోసింది. ఆమె చేత్తో పోసిన నీళ్ళు మా ఇంటి వాళ్ళు తాగడం అప్పటికి మా ఊళ్ళో లేని పని. పోసిన తర్వాత ఆమెకే భయమేసినట్టుంది, చేయి వెనక్కి తీసుకుంది. తాత చెంబు ఎత్తి, తూర్పుకు తిరగకుండానే, గటగటా తాగేశాడు.

మరునాడు పొద్దున రాజత్త వాగుకు బయలుదేరుతుంటే తాత అరుగు మీద నుంచి ఆపాడు. బావి నీళ్ళే చాలన్నాడు. "నీసు గదా తాతా?" అన్నాను నేను. "ఉండనీయే. అవి గూడ మనింట్ల తలదాసుకున్నయి" అన్నాడు. అమ్మ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయింది.

మిరుగు నాడు చేప తినాలని అంటారు. ఆ ఏడాది ఎక్కడా చేప లేదు. నాయిన బావిలోకి తొంగి చూసి "కూర మనింట్లనే ఉండె గదా" అన్నాడు ఎగతాళిగా. రాజత్త ఒక్క చూపు చూసేసరికి ఊరుకున్నాడు. ఆ తర్వాత కొద్ది రోజులకే పైన ఎక్కడో గట్టిగా కురిసింది. మా ఊళ్ళో చినుకు పడకముందే వాగు వచ్చింది. ఎండిన ఇసుక మీద ఆకులు, చెత్త, నురగ తోసుకుంటూ, బుస్సుమని చప్పుడు చేసుకుంటూ ఎర్రనీళ్ళు వస్తుంటే ఊరంతా గట్టు మీద నిలబడి కేకలు పెట్టింది. నీళ్ళు తేటపడ్డ తర్వాత బావిలో చీర దించి చేపలను పైకి లాగాం. నాకు ఆశ్చర్యమేసింది, లావయ్యాయి. కొన్నింటికి పొట్టలు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. బిందెలు వాగులో వంచితే అవి పారే నీళ్ళతో పోలేదు. క్షణం ఆగి, తలలు తిప్పుకుని, ఎదురెక్కడం మొదలుపెట్టాయి. లచ్చవ్వ పిల్లలు గట్టు వెంట వాటితో పాటు పైకి పరుగెత్తారు.

ఆ వారమే రాజత్త అత్తింటివాళ్ళు బండి కట్టుకుని వచ్చారు. ఆమె మరిది, అప్పటి పెద్దమనుషులే. అరుగు మీద చాప వేసి కూర్చోబెట్టి అమ్మ మజ్జిగ ఇచ్చింది. రాజత్త సంచి సర్దుకుని, తల దువ్వుకుని, కొట్టం దగ్గర నిలబడి ఉంది. సంచి సర్దుకోమని ఆమెతో ఎవరూ చెప్పలేదు.

"ఏం బావా, మా కోడలు తయారేనా? ఇయ్యాల్నే తోల్కపోతం" అన్నాడు వచ్చిన పెద్దమనిషి.

"మా బిడ్డ రాదు" అన్నాడు తాత.

అతను అర్థం కానట్టు చూశాడు. "మిరుగు ఎల్లినంక పంపుతనని నువ్వే అంటివి గద."

"అన్న."

"మరి? మాట తప్పుతానవా? గీ ముప్పై ఊర్ల నీ మాట మీద ఎన్ని సంసారాలు నిలబడ్డయి?"

తాత లేచి నిలబడ్డాడు. లేవడానికి గుంజను పట్టుకోవాల్సి వచ్చింది. "తప్పుతాన. అప్పుడు అడగకుంట మాట ఇచ్చిన. ఇప్పుడు తెలిసి తప్పుతాన. ఇగ నన్ను ఏ పంచాయితికీ పిలువకుండ్రి. మాట తప్పినోడు తీర్పు చెప్పొద్దు. మజ్జిగ తాగి పోండ్రి."

మరిది లేచి కేకలు మొదలుపెట్టాడు. మా నాయిన అరుగు దిగి అతని ముందు నిలబడ్డాడు. కాసేపటికి బండి వెళ్ళిపోయింది. మజ్జిగ గ్లాసులు అట్లాగే నిండుగా ఉన్నాయి.

తాత అన్నంత పనీ చేశాడు. తర్వాత ఎన్ని బండ్లు వచ్చినా ఎక్కలేదు, కొన్నాళ్ళకు బండ్లు రావడం మానేశాయి. అంగడిలో కొందరు ఆయనను చూసి పక్కకు తిరిగి నవ్వేవాళ్ళు. ఊళ్ళో పెళ్ళిళ్ళకు ముందు వరుసలో వేసే చాప వెనక్కి పోయింది. ఆయన దాన్ని గురించి బాధపడ్డాడో లేదో నాకు తెలియదు, చెప్పే మనిషి కాదు. నేను ఇంటరు చదవడానికి హనుమకొండ వచ్చేశాను. సెలవులకు వెళ్ళినప్పుడల్లా తండ్రీకూతుళ్ళు అరుగు మీద పక్కపక్కన కూర్చుని చింతపండు ఒలుస్తూనో, కందులు ఏరుతూనో ఏదో ఒకటి మాట్లాడుకుంటూ కనబడేవాళ్ళు. ఆయన పోయిన తర్వాత ఎవుసమంతా రాజత్తే చూసుకుంది. మా తమ్ముడి పిల్లల్ని, వాళ్ళ పిల్లల్ని ఎత్తుకుని పెంచింది.

మొన్న దినాలయ్యాక వాగు దాకా వెళ్ళాను. అడ్డంగా చెక్‌డ్యాం కట్టారు. వేసవిలో కూడా గట్టు దాకా నీళ్ళున్నాయి. ఆడవాళ్ళు ఇసుక తోడే బాధ లేదు, ఇంటింటికీ నల్లా వచ్చింది. మంచిదే. నీళ్ళ కోసం గుట్టలెక్కిన వాళ్ళ కష్టం తెలిసినదాన్ని గనుక పాత రోజులే బాగున్నాయని నేను అనలేను. నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నాను, ఏవీ రాలేదు. చేపల సొసైటీ వాళ్ళు వదిలిన పెద్ద చేపలు ఉన్నాయట, చిన్నవాటిని ఉండనివ్వవట. ఆడపిల్ల కష్టం వినడానికి ఇప్పుడు స్టేషనుంది, కోర్టుంది, కౌన్సెలింగ్ ఉంది. మా కాలనీలోనే ఒకమ్మాయి ఏళ్ళ తరబడి వాటి చుట్టూ తిరుగుతోంది. వాళ్ళ నాన్నేమన్నాడని అడిగితే, ఆయనకు ఇంకా పూర్తిగా చెప్పలేదు ఆంటీ, బిజీగా ఉంటాడు అంది.

రెండేళ్ళ కింద, అత్త బాగానే తిరుగుతున్నప్పుడు, ఇద్దరమే ఉన్న ఒక మధ్యాహ్నం ఆమెను అడిగాను. "అత్తమ్మా, నిన్ను తోల్కపోను బండొచ్చిన నాడు తాత రాదనకపోతే ఏం చేస్తుంటివి? ఎదురు తిరుగుతుంటివా?"

ఆమె వింతగా చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"పోతుంటి బిడ్డా. బాపు మాట ఇచ్చిండు గద" అంది. చేతులు నేలకు ఆనించి లేచి, మబ్బు పడుతోందని దాబా మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తడానికి మెట్లెక్కింది.